మూడుసార్లు ఒకటో సూది

1979 జూన్‌లో నన్ను ఆనందపురం అవతల ఒక ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్టాఫ్ నర్సుగా వేశారు. ఊరి పేరు చెప్పను, అక్కడ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. మా నాన్న పోర్టులో పనికని గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో ఉండిపోయిన మనిషి. కొత్త ఊరంటే నాకు భయం లేదు. కాగితాలంటే కోపమూ అప్పటికి లేదు. ఆ కోపం ఆ ఏడాదే వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

క్షయకు అప్పట్లో పద్ధతి ఇది. రోజుకొక స్ట్రెప్టోమైసిన్ సూది, మొత్తం తొంభై. తోడుగా ఏడాది పైగా మాత్రలు. ప్రతి రోగికీ తొంభై గళ్ల కార్డు, సూది వేశాక గడిలో టిక్కు. కార్డు ఆసుపత్రి సొత్తు, రోగి చేతికి ఇవ్వకూడదు. రోగి ఆసుపత్రి మారితే కార్డు మారుతుంది, పాతది వెంట రాకపోతే మళ్లీ ఒకటో గడి. ఆ మందు మోతాదు మించితే చెవి నరం దెబ్బతిని వినికిడి, నడకలో నిలకడ పోతాయని నర్సింగ్ స్కూల్లోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

గౌరినాయుడు వానల రోజుల్లో వచ్చాడు. సైన్యంలో లాన్స్ నాయక్, అంటే సిపాయికి ఒక మెట్టు పైన. నలభై ఏళ్లు కూడా ఉండవు. కాలికి చెప్పులు లేకపోయినా మడమలు దగ్గర పెట్టి నిలబడి, సైన్యం నుంచి తీసేసినప్పుడిచ్చిన డిశ్చార్జి బుక్కు రెండు చేతులా అందించాడు. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్ ఉద్యోగం మాటైందట. జబ్బు తగ్గి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వస్తే చాలు, పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతానన్నాడు.

బుక్కులో క్షయ అని ఉంది. వైద్యం కేసు షీటు ప్రకారం అని ఉంది. ఆ కేసు షీటేమో సైనికాసుపత్రి బీరువాలో ఉంది. నగరంలో ఒక ప్రభుత్వాసుపత్రి ఇచ్చిన చీటీలో, మీ పరిధి రోగి, వైద్యం కొనసాగించగలరు అని ఒక్క ముక్క. ఎక్కణ్ణించి కొనసాగించాలో రాయలేదు మహానుభావులు. నేనూ తక్కువ తినలేదు. కొత్త కార్డు తీసి ఒకటో గడిలో టిక్కు పెట్టాను.

రోజూ ఎనిమిదింటికల్లా వచ్చి వరుసలో ముందు నిలబడేవాడు. ఒక్కరోజు మానలేదు. మా డాక్టరుగారు అతన్ని చూపించి, నేర్చుకోండర్రా అని మిగతావాళ్లని తిట్టేవారు.

నలభై మూడో నాడు పెళ్లాం పైడమ్మ వెంట వచ్చింది. "ఎనకనుంచి పిలిత్తే పలకడం నేదమ్మా. నడిత్తే తూలిపోతన్నాడు. మీకు సెప్పొద్దంటాడు" అంది.

ఇంతకుముందు ఎక్కడైనా సూదులు వేశారా అని అప్పుడడిగాను, మొదటిసారి. రెండోసారి అరిస్తే గానీ వినపడలేదు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. ఏ రోజు ఏం జరిగిందో రాసుకోవడం సైన్యంలో అబ్బిన అలవాటట. సైనికాసుపత్రిలో అరవై సూదులు. ఉద్యోగంలో ఉండగా పట్టిన జబ్బు కాబట్టి మందిచ్చారు, ఉద్యోగం తీసేశాక అక్కడ హక్కు లేదు కాబట్టి ఆపేశారు. నగరంలో మళ్లీ ఒకటి నుంచి యాభై ఎనిమిది. నా చేత్తో నలభై రెండు. నూట అరవై.

ఇన్నాళ్లూ చెప్పలేదేమయ్యా అని కసిరాను.

"మీరడగనేదు కదమ్మా. ఏసుకోమంటే ఏసుకున్నాను. నాను వద్దనీదేటి?" అన్నాడు. కళ్లు తిరుగుతున్నాయంటే సైన్యంలో పనిదొంగ అనుకుంటారట, అందుకని అదీ చెప్పలేదు.

ఆ పూట సూది వేయలేదు. నోటుబుక్కు రికార్డు కాదు, పైనుంచి కాగితం రాందే కోర్సు ఆపే అధికారం మనకు లేదన్నారు డాక్టరుగారు. అయితే మీరే వేయండని సిరంజి ట్రే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయనా వేయలేదు, సూదులు అంతటితో ఆగిపోయాయి. నాకు మాత్రం ధిక్కారం కింద మెమో ఇచ్చారు.

బస్సెక్కి నగరానికి వెళ్లాను. ఇప్పుడతను మీ పేషెంటు, కార్డు మాది అన్నాడు అక్కడి రికార్డుల గుమాస్తా, తలెత్తకుండా. ఒళ్లు మండిపోయింది. సైనికాసుపత్రికి నేను రాయకూడదట. డాక్టరు రాస్తే, మాజీ సైనికుల సంక్షేమం చూసే జిల్లా ఆఫీసు దాన్ని పంపాలట. మా డాక్టరుగారు రాశారు, వాళ్లు పంపారు. ఐదు నెలలకు జవాబొచ్చింది, అరవై సూదులు వేశామని. నోటుబుక్కులో ఉన్న ముక్కే.

ఈలోగా అతని కఫంలో క్రిములు పోయాయి. ఫ్యాక్టరీ డాక్టరు ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడట. వెనక నిలబడి పేరు పిలిచాడట. ఉద్యోగం పోయింది. ఇంతమందిమి ఎవరి రూలు వాళ్లం తప్పకుండా పాటించి మనిషిని చెవిటివాణ్ణి చేశాం. మెమోకి జవాబుగా, ఆపినందుకు కాదు, అడక్కుండా నలభై రెండు వేసినందుకు ఇవ్వండి మెమో అని రాశాను.

తర్వాత రిటైరయ్యేదాకా, రోగి ఏ కాగితం తెచ్చినా సరే, కార్డు తీయకముందు ఇప్పటికి ఎన్ని సూదులు పడ్డాయని అడిగాను. చెప్పిన సంఖ్య కార్డు నెత్తిన ఎర్రసిరాతో రాశాను, ఇన్‌స్పెక్షన్‌లో ఎన్నిసార్లు తప్పుపట్టినా మానలేదు. గౌరినాయుడు మాత్రల కోసం ఇంకో ఏడాది వచ్చాడు. అతన్ని ఏదడగాలన్నా పలక మీద రాసి చూపించాల్సి వచ్చేది.