గురి తప్పని తూకం

ఇవాళ్టి సంగతి మీకు చెప్పాలనే ఈ క్యాసెట్టులో మాట్లాడి ఇంటికి పంపుతున్నానండి. నన్ను ఇక్కడ పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్‌కి తుపాకీ పిచ్చి. ఇత్తడి తూటా గుల్లలన్నీ ఒకే బరువుంటే గురి తప్పదట. వాటిని త్రాసులో తూచి ఏరడం నా పని, మందు కూరడం ఆయన పని.

పొద్దున్న ఎడారిలో ఆ తూటాలతో డబ్బాని కాల్చాడు. డబ్బా కదల్లేదు. బరువు తేడా అని నేను తీసేసిన గుల్లతో ఆటకని ఆయన చేసిచ్చిన తూటా ఒకటి, ఆయన భార్య సరదాగా పేల్చింది; ఇక్కడ పనివాళ్ళం ఆవిడని మామా అని, ఆయన్ని బాబా అని పిలుస్తాం. డబ్బా ఎగిరిపోయింది!

కఫీల్ నామీద విరుచుకుపడ్డాడు. "మంచివన్నీ చెత్తలో వేశావా?"

"తూకం సరిగ్గానే ఉంది, బాబా."

"ఖలాస్! రేపట్నుంచి తేడా ఉన్నవే ఏరు."

మా తాత గురివింద గింజలతో బంగారం తూచేవాడు. ఆ గింజ గుణం ఇక్కడెవరికి అబ్బిందో మీరే చెప్పండి. తిరుగు క్యాసెట్టులో పేరు మాత్రం ఎత్తకండి, నేనిక్కడ ఉండటానికిచ్చిన అనుమతి కార్డు, నా ఇఖామా ఆయన చేతిలో ఉంది.