అత్తయ్యగారి లోపలి బల్ల

మాది నరసన్నపేటలో బట్టల కొట్టు. ముందు చీరలు, పక్కన పంచెలు, మేడమీద పిల్లల బట్టలు. వెనకాల గోడౌను తలుపు దగ్గర ఒక పాత టేకు బల్ల ఉంటుంది. దాన్ని మేము లోపలి బల్ల అంటాం. కొట్టు లాభంలో కొంత పక్కకు తీసి, అవసరంలో ఉన్నవాళ్ళకి ఇవ్వడం మా మావయ్యగారి తండ్రి నాటి అలవాటు. ఎవరికి ఇవ్వాలో, ఏం ఇవ్వాలో చూసే పని చాలా ఏళ్ళు మా అత్తయ్యగారిదే. వ్యాపారంలో ఆవిడ సలహా ఎవరూ అడగలేదు గానీ, లోపలి బల్ల దగ్గర ఆవిడ మాటకి ఎదురు చెప్పిన మగవాడు మా ఇంట్లో లేడు.

ఆవిడ మోకాళ్ళకి ఆపరేషన్ అయ్యాక ఆ బల్ల నాకొచ్చింది. నాది విజయనగరం, ఎం.కాం. చదివాను. కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ సంగతి పెళ్ళిచూపులనాడే మా ఆయనకి చెప్పేశాను, దాచలేదు. బల్ల చేతికి రాగానే నేను చేసిన మొదటి పని, అత్తయ్యగారి పద్ధతి మార్చెయ్యడం.

ఆ పద్ధతేమిటో చెప్పాలి. బట్టల కొట్లో ఒక చీర అమ్మాలంటే ఇరవై చీరలు విప్పాలి. కొన్నావిడ వెళ్ళిపోయాక విప్పినవన్నీ కుప్పగా పడి ఉంటాయి. చీర సరిగ్గా మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో కొస పట్టుకుని, అంచుకి అంచు కలిపి, ఎదురెదురుగా నడిచొచ్చి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోవాలి. అత్తయ్యగారు ఆ కుప్పని లోపలి బల్ల మీదకి తెప్పించుకునేవారు. సాయం కోసం ఎవరొచ్చినా ‘ఏం కావాలి’ అని అడిగేవారు కాదు. “రామ్మా, ఆ కొస అట్టుకో” అనేవారు. మగవాళ్ళొచ్చినా అంతే. తలపాగా చుట్టుకున్న పెద్దాయన పట్టుచీర కొంగు పట్టుకుని సిగ్గుపడుతుంటే గుమాస్తాలు ముసిముసిగా నవ్వుకునేవారు. నాలుగైదు చీరలు మడత పెట్టేసరికి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టేవారు.

ఇది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి నిండు చూలాలు చీర మడత పెడుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

“అడగడానికి వచ్చినవాళ్ళ చేత పని చేయించుకోవడమేంటి అత్తయ్యగారూ? ఏం బాగోలేదు.”

“కూకోబెట్టి మొహం సూస్తే బాగుంటాదేటి?” అన్నారావిడ.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

కాబట్టి నా హయాంలో కుర్చీలొచ్చాయి. ఫ్యానొచ్చింది, మంచినీళ్ళొచ్చాయి. ఒక అప్లికేషను అచ్చు వేయించాను. అందులో వైద్యం, చదువు, పెళ్ళి, ఇతరములు అని గళ్ళు. ఇతరములు అని ఒక గడి పెట్టినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఏ గడిలో టిక్కు పెట్టాలో వాళ్ళనడిగి, నేనే రాసేదాన్ని. వచ్చినవాళ్ళు కుర్చీ అంచున కూర్చుని, చేతులు కట్టుకుని, “ఏదో మీ దయమ్మా” అనేవారు. దయకి నా కాగితంలో గడి లేదు. చివరికి చాలామందికి చీరో దుప్పటో ఇచ్చి పంపేదాన్ని. బట్టల కొట్టువాళ్ళకి లోకంలో అందరికీ కరువైంది బట్టలే అనిపిస్తుంది కాబోలు.

ఒక శుక్రవారం భావనపాడు నుంచి ఒకావిడ వచ్చింది. ఎండుచేపలు అమ్ముతుందట. ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, పెళ్ళికొచ్చినంత శుభ్రంగా వచ్చింది. వైద్యమా అంటే కాదంది. పెళ్ళా అంటే కాదంది. చదువా అంటే తలూపింది. నేను ఊరుకోవచ్చు కదా! ఏం చదువు, ఫీజెంత, సర్టిఫికెట్లు తెచ్చావా, ఫోన్ నంబరేంటి అని గబగబా అడిగేశాను.

“ఫీజు కాదమ్మా” అంది. వెనక వరసలో కూర్చున్నవాళ్ళని ఒకసారి చూసింది. “ఏటీ నేదమ్మా. ఏదో మీ దయ.”

వెనక ఇంకా ముగ్గురున్నారు. మంచి చీరే, కొత్తగా దిగిన సరుకులోంచి తీసి ఇచ్చాను. కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి ఇదంతా గొప్పగా చెప్పాను. అత్తయ్యగారు కాళ్ళు స్టూలు మీద చాపుకుని విన్నారు.

“బావనపాడు నుంచి బస్సులు మారి సీర కోసం వచ్చిందేటి? ఒసే, ఆవిడ అడగాల్సింది అడక్కుండానే ఎల్లిపోనాది.”

“అడగొద్దని నేనన్నానా? కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, మర్యాదగా అడిగితేనూ!”

“మొహంలోకి సూసి అడిగితే నేనూ సెప్పలేనే. మీ మావయ్య అలా ఎదురుగుండా నిలబడి ‘బజారు నుంచి ఏం కావాలి’ అంటే నాకు కూర పేరు కూడా తోసదు. సేతులకి పనుంటేనే నోరు లెగుస్తాది. రేపు నువ్వే ఎల్లు.”

నాకు కోపమొచ్చింది. కానీ అన్నం కలుపుతుంటే ఆ ‘ఫీజు కాదమ్మా’ గుర్తొచ్చింది. ఫీజు కాకపోతే ఇంకేమిటి?

మర్నాడు కారు తీసుకుని వెళ్ళాను. సముద్రం ఒడ్డున ఇసకలో వలలు పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. ఆవిణ్ణి పోల్చుకోవడం కష్టం కాలేదు. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని లేచింది. మొహం పాలిపోయింది.

“సీర పొరపాటున ఇచ్చినారేటమ్మా? ఎనక్కి అట్టుకెల్తారా? కట్టనేదు, అలాగే ఉన్నాది.”

నాకు తల కొట్టేసినట్టయింది. కాదు కాదు అన్నాను. ఇంతలో సముద్రం మీద మబ్బు పట్టింది. తడిస్తే నెత్తళ్ళు పాడైపోతాయి. ఆవిడ నన్ను వదిలేసి వల ఎత్తబోయింది. ఒక్కర్తి వల్ల అయ్యే పని కాదు.

“ఆ పక్క అట్టుకోమ్మా” అంది, నా వైపు చూడకుండానే.

పట్టుకున్నాను. మా ఇంట్లో చేప అన్న మాటే వినపడదు. ఆ వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇద్దరం వల ఎత్తి గంపలో గుమ్మరించాం. ఇంకోటి ఎత్తాం. మూడో వల దగ్గర, చేపల్లోకి చూస్తూ ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.

కూతురికి శ్రీకాకుళంలో నర్సు ట్రైనింగుకి సీటొచ్చిందట. ఫీజు గవర్నమెంటే కడుతుంది. హాస్టల్లో చోటు లేదు. ఇక్కణ్ణుంచి పొద్దున్న ఏడింటికల్లా అందుకోవడం అయ్యే పని కాదు. సోమవారం చేరకపోతే సీటు పోతుంది. అదే సోమవారం నుంచి రొయ్యల కంపెనీ బస్సు ఆ పిల్లని పనికి తీసుకుపోతుంది.

“పేట నుంచైతే సీకాకులం దగ్గర. మీ ఇల్లు పెద్దదన్నారు. ఏదో మూల తొంగుంటాది, ఇంటి పని సేసి పెడతాది, అని అడుగుదారనుకున్నాను. అంతమందిలో ఇల్లెలా అడుగుతాను?”

ఆ పిల్ల గుడిసె గుమ్మంలోనే నిలబడి ఉంది. మూతి ముడుచుకుని, “నేను కంపెనీకి వస్తానని చెప్పేశానండి” అంది. కళ్ళు మాత్రం బాగా ఏడ్చిన కళ్ళు. నాలాంటి కోపమే అనుకున్నాను. ఆ పిల్ల అప్పుడే నాకు నచ్చేసింది.

“ఇంటి పనికైతే రావద్దు. మాకు పనిమనిషి ఉంది. చదువుకోవడానికైతే రా” అన్నాను.

ఆ పిల్ల “గదిలో ఫ్యానుంటాదా?” అంది.

అత్తయ్యగారు మెట్లెక్కలేక కిందకి మారిపోయాక మేడమీద ఆవిడ గది ఖాళీగానే ఉంది. ఫోన్ చేసి చెబితే “మంచం మీద ఊరగాయ జాడీలున్నాయి, తీయించు” అన్నారు. ఇంకో మాట అడగలేదు.

ఆదివారం సాయంత్రం తల్లీ కూతుళ్ళు బస్సు దిగి వచ్చారు. ఒక ట్రంకు పెట్టె, మా ఇంట్లో చేపలు తినరు కాబట్టి ఒక పనసపండు. పిల్ల పైకెళ్ళి ముందు ఫ్యాను వేసి చూసుకుంది. బస్సు వేళవుతోందని తల్లి లేచింది. గేటు దాకా వెళ్ళాను. ఇప్పుడు దండం పెట్టి ‘మీ దయమ్మా’ అంటుందని నాకు భయంగానే ఉంది.

ఆవిడ దండం పెట్టలేదు. నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

“దానికి తెల్లారగట్ట లెగడం సేతకాదు. నువ్వే లేపాల. ఒక పాలి పిలిస్తే లెగదు, దుప్పటి లాగీ. తిట్టుకుంటాది, పట్టించుకోకు.”

లోపలి బల్ల నా చేతికొచ్చాక నన్ను ఒక మనిషి ఇదీ కావాలని నోరారా అడగడం అదే మొదటిసారి. సరేనన్నాను.

మూడేళ్ళు, రోజూ ఐదింటికి, నేనే దుప్పటి లాగాను. రోజూ తిట్టుకుంది.