బొమ్మ సిపాయి కుడి భుజం

అన్న పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు అతని టేబుల్ సొరుగు తెరిచాను. చిన్న స్క్రూడ్రైవర్లు, సూదులు, ఒక రేకు డబ్బాలో ప్లాస్టిక్ సిపాయి కనిపించాయి. అరచెయ్యంత బొమ్మ. కుడి చెయ్యి పైకెత్తితే వెంటనే కిందికి జారిపోయేది.

అది అన్న స్నేహితుడిది. అతను హైదరాబాద్ కార్వాన్ బస్తీలో ఉంటాడు. దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినన్నాళ్లూ ఇట్లాంటి సిపాయిలను ఒక్కొక్కటే కొనుక్కున్నాడు. పిల్లల కోసం కాదు, తన కోసమే. కీళ్లు వదులైతే అన్నకు ఇచ్చేవాడు. అన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. చిన్న వస్తువులు అతని వేళ్లకు లొంగేవి.

పరామర్శకు వచ్చినప్పుడే ఆ స్నేహితుడు అన్నాడు: “బొమ్మ సంగతి ఒదిలెయ్ చెల్లె. ఎట్లున్నదట్ల ఇచ్చెయ్.”

“అన్న చేసిస్తనన్నడు గదా భాయ్.”

“నీకొస్తదా?”

“రాదు. నేర్చుకుంట.”

అన్న మాట ఇచ్చి చెయ్యకుండా ఉంచిన పని నాకు తెలిసి అదొక్కటే. దాన్ని అట్లా మిగలనివ్వకూడదనుకున్నాను.

మా ఇల్లు లక్క గాజులు చేసే లాడ్ బజార్ వెనక గల్లీలో. వదులైనది ఏదైనా మేం లక్కతోనే అతికించేవాళ్లం. గొడుగు పిడి, కత్తి పిడి, దువ్వెన, అన్నీ. గాజులకు రాళ్లు అద్దే ముసలమ్మ దగ్గరికి సిపాయిని పట్టుకుపోయాను. ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసింది.

“ఇది గాజు కాదు బేటీ. చెయ్యి కదలాల్నా, వద్దా?”

“జారకుంటే చాలు ఖాలా.”

“తర్వాత నన్ననొద్దు మరి.”

నేను బొమ్మ వీపులోని స్క్రూ తీసి చెయ్యి ఊడదీశాను. ఆమె బొగ్గుల మీద మెత్తబడిన లక్కను గింజంత తీసి, కాస్త చల్లారనిచ్చి, భుజంలో తిరిగే గుండు చుట్టూ అద్దింది. మళ్లీ బిగించి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. నిలిచింది. సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున దించబోతే దిగలేదు.

తిరిగి తీసుకుపోతే ముసలమ్మ పడీపడీ నవ్వింది. “మంచిగైంది! ఇగ జిందగీ అంతా సలాం కొడ్తనే ఉంటడు నీ సిపాయి!”

నవ్వు రాలేదు గానీ తప్పు అర్థమైంది. గాజు మీద రాయి కదలకూడదు. భుజం కదలాలి, కదిలించిన చోట ఆగాలి. నేను అడిగింది వేరే పని.

కాంపౌండర్ దగ్గర సీసాలో కాస్త స్పిరిట్ తెచ్చుకుని, దూదితో తడుపుతూ, సూదితో గీకుతూ మూడు సాయంత్రాలు లక్క తీశాను. నాలుగో రోజు మెత్తటి గుడ్డ కోసం సొరుగు పూర్తిగా బయటికి లాగితే వెనక మూలన నా గోళ్ల రంగు సీసా దొరికింది. రంగులేనిది. అది పోయిందని పోయినేడు నేను ఇంట్లో పెద్ద లొల్లి చేశాను. అన్న నోరు విప్పలేదు. మూత తీస్తే కుంచె కొస పోగులు కత్తిరించి, సన్నగా చేసి ఉంది.

అప్పుడు తెలిసింది అతని పద్ధతి: రంగు పూతతో గుండును కాస్త లావు చెయ్యడం. గుండుకు సన్నగా ఒక పూత వేశాను. ఒక రోజంతా ఆరనిచ్చాను. తడిగా బిగిస్తే అదీ లక్కలాగే పట్టేస్తుంది. రెండో పూతకీ వదులుగానే ఉంది. మూడో పూత ఆరాక చెయ్యి ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది.

కార్వాన్‌కు తీసుకుపోయాను. అద్దాల బీరువాలో సిపాయిలు వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఒకచోటు ఖాళీ. అన్న స్నేహితుడు సిపాయి చెయ్యి ఎత్తాడు, సగం దించాడు, పూర్తిగా దించాడు. తర్వాత బొమ్మను నడుం దగ్గర పట్టుకుని ఊపాడు.

“కాళ్లు ఊగుతున్నయ్ చెల్లె. మీ అన్నయితే ఇది చూడకుండ ఇచ్చేటోడా?”

లోపలి నుంచి అతని భార్య కేకేసింది: “ఏంది జీ, పాపం ఆ పిల్లను గట్లంటవ్?”

“పని చేస్తనని వచ్చింది. అడగొద్దా?”

పెద్దకర్మ తర్వాత అన్న మాట ఎత్తి కూడా నాతో జాలి లేకుండా మాట్లాడిన మొదటి మనిషి అతనే.

“ఇచ్చేటోడు కాదు,” అన్నాను. “కాళ్లనేం పట్టుకుంటది భాయ్?”

“నడుంల రబ్బరు. మూలమీద సైకిల్ షాపుల వాల్వ్ ట్యూబ్ అడుగు. మీ అన్న గదే కట్టేటోడు.”

బొమ్మను అతని చేతిలోంచి తీసుకుని సైకిల్ షాపుకు బయలుదేరాను.