వావిలాకు నీళ్ళు

పగటిపూట పడుకోవడం ఎంత కష్టమైన పనో నాకు ముప్పయ్యారో ఏట తెలిసింది. డాక్టరుగారు చీటీలో మందులన్నీ రాసి, చివర తెలుగులో "మధ్యాహ్నం రెండు గంటలు తప్పనిసరిగా పడుకోవాలి" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. మందులు వేళకి వేసుకునేదాన్ని. పడుకోవడమే చేతయ్యేది కాదు.

బాపట్లలో మా అద్దెయింట్లో మంచం వీధిగుమ్మానికి ఎదురుగా ఉండేది. గేటు గడియ చప్పుడైతే చాలు, గోడ పట్టుకుని లేచి, చేటలో బియ్యం పోసుకుని కూర్చునేదాన్ని. పట్టపగలు మంచమెక్కిన ఆడదాన్ని ఎవరైనా చూస్తే ఇంకేమన్నా ఉందా! అదే చేటెడు బియ్యం నెల్లాళ్ళపాటు ఏరాను. అందులో రాళ్ళు మొదటి రోజే అయిపోయాయి. వచ్చినవాళ్ళు "టీచరుగారు ఒక్క క్షణం ఊరుకోరండీ" అనేవారు. ఆ మాట కోసం వాళ్ళు వెళ్ళాక సాయంత్రందాకా కదల్లేకుండా పడి ఉండేదాన్ని. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

అది తొంభైల మొదట్లో మాట. ఆడపిల్లల హైస్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. ఒకరోజు బోర్డుమీద నేను రాసిన అక్షరాలు నాకే రెండేసిగా కనిపించాయి. వారం తిరక్కుండా ఎడమకాలు మొద్దుబారింది. స్కూలు మెట్లమీద తొమ్మిదో తరగతి పిల్లలందరి ముందూ బోర్లా పడ్డాను. తెనాలిలో పెద్ద డాక్టరుగారు చూసి, మద్రాసు పంపి స్కాన్ తీయించి, మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు. కరెంటు తీగమీద తొడుగు అక్కడక్కడా ఊడితే ఎలాగో, ఒంట్లో నరాలకి అలా అయిందన్నారు. తెనాలిలోనే ఐదు రోజులు సెలైన్లో మందు ఎక్కించారు. కన్ను బాగుపడింది, కాలు సగం బాగుపడింది. ఇంటికి పంపేటప్పుడు మా ఆయన్నీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి, జబ్బు మళ్ళీ మళ్ళీ రావచ్చనీ, ఒంటిని కనిపెట్టుకుని ఉండాలనీ చెప్పారు. ఎండ తగలకూడదు. వేడినీళ్ళ స్నానం అసలు వద్దు. అలసట వచ్చాక కాదు, రాకముందే పడుకోవాలి. బయటికెళ్తే చేతికర్ర వాడాలి.

కర్ర బదులు నేను గొడుగు పట్టుకున్నాను. గొడుగైతే ఎవరూ ఏమీ అడగరు.

జబ్బు పేరు కూడా ఎవరికీ చెప్పలేదు. మా చర్చిలో ఆదివారం ప్రార్థనలో జబ్బుపడినవాళ్ళ పేర్లు చదువుతారు, జబ్బుతో సహా చదువుతారు. ఆ పలకరాని పేరు పక్కన నా పేరు వినబడటం నాకు ఇష్టం లేదు. పైగా ఈ జబ్బులో చెప్పుకోలేనివి కొన్ని ఉంటాయి. బాత్‌రూమ్‌కి పోవాలనిపించాక పది అడుగులు వేసే వ్యవధి ఉండదు. అది ఎవరికి చెప్పుకోను? అందుకని అందరికీ "నరాల బలహీనతండి, బలానికి ఇంజెక్షన్లు చేశారు" అని చెప్పాను. కన్నతల్లికీ అదే చెప్పాను. మా ఆయన "అత్తయ్యగారికి అన్నీ వివరంగా చెప్పావా?" అని అడిగితే, చెప్పానన్నాను. ఆ ఒక్క అబద్ధంతోనే అంతా మొదలైంది.

అమ్మ రేపల్లెలో ఉండేది. మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా లాల పోయడానికి అమ్మని పిలిచేవారు. మావాళ్ళే కాదు, హిందువులూ పిలిచేవారు. అడవులదీవి నుంచి పుట్టింటికి పురిటికొచ్చిన పిల్ల ఒకతి, నువ్వు పోస్తేగానీ నా కొడుకు ఏడుపాపడు పిన్నీ అని, మూడో నెలదాకా ఊరికి తిరిగి వెళ్ళలేదు. అమ్మ పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డని పడుకోబెట్టుకునేది. మోచెయ్యి నీళ్ళలో ముంచి చూసుకునేది. ఒక్కసారే చూసేది, రెండోసారి చూడాల్సిన పని ఉండేది కాదు. బాలింతలకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసేది. నీరసానికీ, నడుంనొప్పికీ, కాళ్ళపీకులకీ అన్నిటికీ అదే మందు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. నలుగురూ ఇంటికొచ్చి పిలవడమే ఆవిడకి గొప్ప.

ఏప్రిల్లో నాకు సాయానికి బాపట్ల వచ్చింది. చంకలో సంచీ, సంచీ నిండా వావిలాకు.

"నరాలకి దీన్ని మించింది లేదే. మూడు వారాలు పోస్తే పరిగెత్తుతావు," అంది.

అప్పుడైనా చెప్పాలి. వేడినీళ్ళు పడవమ్మా, నా జబ్బు ఇదీ అని చెప్పడానికి ఎంతసేపు? నాకు నోరు రాలేదు. చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే పక్కింటివాళ్ళు వస్తారు, వస్తే అడుగుతారు. ఒక్క స్నానానికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ వాసన ముక్కుకి తగిలితే నాకు నిజంగానే ఆశ పుట్టింది.

పెరట్లో తడికల స్నానాలగది. అమ్మ నన్ను పీటమీద కూర్చోబెట్టి, పొగలు కక్కుతున్న నీళ్ళు నడుముమీదనుంచి పోసింది. మొదటి రెండు చెంబులూ హాయిగా ఉన్నాయి. తర్వాత చెంబుకి అమ్మ మొహం మసకబారింది. ఆ తర్వాత కాళ్ళు నావి కాకుండా పోయాయి. లేవబోయి పీటమీదనుంచి పక్కకి పడ్డాను. పడ్డచోటే, అమ్మ చేతుల్లోనే, ఒంటికి పోసేసుకున్నాను. ముప్పయ్యారేళ్ళదాన్ని.

"ఏంటమ్మా, ఏమైందే? చెప్పవే," అంటూ అమ్మ నన్ను లేపలేక, వదల్లేక తడిలో కూలబడింది.

అప్పుడే మా ఆయన ఆఫీసు నుంచి భోజనానికి వచ్చారు. నామీద చీర కప్పి, ఎత్తుకొచ్చి మంచంమీద వేసి, ఫ్యాను పెట్టి, ఒళ్ళంతా చన్నీళ్ళ గుడ్డతో తుడిచారు. ఆయన అమ్మముందు ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు. ఆ రోజు పెంచారు.

"వేడి తగలకూడదని డాక్టరుగారు అంతగా చెప్పారు. తెలిసి కూడా ఇదేం పని అత్తయ్యగారూ? ఈ కాళ్ళు ఇంక లేవకపోతే ఎవరండీ బాధ్యులు?"

అమ్మ చెంబు పట్టుకుని, తడిచీరతో గుమ్మంలో నిలబడి ఉంది. నావైపు చూసింది. తనకి తెలియదని నాకు తెలుసు. నేను కళ్ళు మూసుకున్నాను. స్పృహ ఉంది, మాట కూడా వస్తోంది. అయినా మూసుకున్నాను.

"తప్పయిపోయింది బాబూ," అంది అమ్మ.

సాయంత్రానికల్లా చూపు తిరిగొచ్చింది, కాళ్ళు ఎప్పటిలాగా అయ్యాయి. ఎడమకాలు ఈడ్చడం మాత్రం ఉంది. అది అంతకుముందునుంచీ ఉన్నదే. అమ్మకి ఆ తేడా తెలియదు. తనే కాలు పోగొట్టానని అనుకుని, మిగిలిన వావిలాకు మురుక్కాలవలో పారేసి, రెండో రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా పాదం ఒకసారి పట్టుకుంది. నేను నిద్ర నటించాను.

వానలు మొదలయ్యాక తెనాలి వెళ్ళాం. మా ఆయన మందులు కొనడానికి కిందకి వెళ్ళినప్పుడు డాక్టరుగారికి స్నానం సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "వేడివల్ల జబ్బు పెరగదమ్మా. ఉన్న బాధలు కాసేపు ఎక్కువవుతాయి, ఒళ్ళు చల్లబడగానే తగ్గిపోతాయి. పడి దెబ్బ తగలకుండా చూసుకోవాలంతే. ఆ స్నానానికీ మీ కాలికీ సంబంధం లేదు," అన్నారు. అమ్మకి ఆ రోజే ఒక ఉత్తరంముక్క రాయాల్సింది. మా ఆయనకైనా చెప్పాల్సింది. ఇద్దరికీ చెప్పలేదు. ఆ మాట చెప్పాలంటే ముందు నా అబద్ధం విప్పాలి మరి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఓ ఆదివారం చర్చి మెట్లమీద ఒకావిడ, "కాలింకా ఈడుస్తున్నారేంటండీ?" అని అడిగింది. నా నోరు పడిపోను, "మా అమ్మ వావిలాకు నీళ్ళు పోసిందండి, పడలేదు," అన్నాను. ఎంత సుళువుగా వచ్చిందో ఆ మాట. ఆవిడ అయ్యో పాపం అంది, ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను. రోగిష్టిదాన్ని అనిపించుకోవడంకన్నా, పెద్దావిడ మొండితనానికి బలైన కూతురు అనిపించుకోవడం నాకు మర్యాదగా తోచింది. ఒక్కోసారి నీళ్ళు ఎంత మరిగాయో కూడా చెప్పేదాన్ని. చర్చి మెట్లమీద అన్న మాట రేపల్లె చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

మరుసటి వేసవిలో చెల్లికి మా పుట్టింట్లో పురుడు వచ్చింది. ఆడపిల్ల. గొడుగు ఊతంగా, తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్ళాను. పొద్దున్నే ఎవరో కొత్త మనిషి వచ్చి పాపకి లాల పోసింది. అమ్మ వంటింట్లోనే ఉండిపోయింది.

"అమ్మ పోయట్లేదేంటే?" అన్నాను చెల్లితో.

"అమ్మని ఇప్పుడెవరూ పిలవట్లేదక్కా. చెయ్యి మంచిది కాదంట. కూతురికే కాలు పోగొట్టిందంట. నేను పొయ్యమన్నా పొయ్యట్లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం అమ్మ నేలమీద కూర్చుని కొత్త చింతపండు గింజలు తీస్తుంటే పక్కన చతికిలబడ్డాను. జబ్బు పేరు చెప్పాను. ఆయనకి అబద్ధం చెప్పానని చెప్పాను. నీళ్ళవల్ల నాకేమీ కాలేదని డాక్టరుగారు అన్నది చెప్పాను.

అమ్మ గింజలు తీస్తూనే, "ఎప్పుడన్నాడు?" అంది.

"పోయినేడు, వానలప్పుడు."

"మరి నా నీళ్ళవల్లే కాలు పోయిందని బాపట్లలో అన్నదెవరు?"

"నేనేనమ్మా."

అమ్మ చెయ్యి ఆగింది.

"నేను అల్లుడుగారు అనుకున్నానే ఇన్నాళ్ళూ. పాపం, ఆయన్ని మనసులో ఎన్నేసి మాటలన్నానో."

నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు, ఊరుకోమని కూడా అనలేదు. రేపు పాపకి నువ్వే పొయ్యమ్మా అని బతిమాలాను. చూద్దాంలే అంది.

మర్నాడు అమ్మ పీటమీద కూర్చుని కాళ్ళు చాపింది. చెల్లి సంబరంగా పాపని కాళ్ళమీద పడుకోబెట్టింది. అమ్మ మోచెయ్యి నీళ్ళలో ముంచింది. తీసి మళ్ళీ ముంచింది. చన్నీళ్ళు తొరపమంది. మూడోసారి ముంచింది, ఇంకా తొరపమంది. నీళ్ళు ఒట్టి చన్నీళ్ళయిపోయాయి. చెంబెత్తి, పొయ్యకుండానే దించేసింది. పాప ఏడుపు లంకించుకుంది.

"నావల్ల కాదే," అంటూ పాపని ఆ కొత్త మనిషికి అందించి లేచిపోయింది.

కాసేపయ్యాక నా దగ్గరికొచ్చింది. "ఎండెక్కకముందే స్నానం చెయ్యి. నీకు చన్నీళ్ళు తోడిపెట్టాను," అంది.

నేను స్నానాలగదిలోకెళ్ళి కూర్చున్నాను. అమ్మ తడికతలుపు బయట నిలబడింది. "జారుతుందేమో, గోడ పట్టుకో," అంది. పోస్తుందేమోనని కాసేపు చూశాను. లోపలికి రాలేదు. నేనే పోసుకున్నాను.