నీళ్లు తాగిన రాయి

రేపల్లెలో షేర్ ఆటో ఎక్కి నిజాంపట్నం వెళ్తున్నాను. అగ్నిపర్వతపు రాతి కంకరతో పోసిన కాంక్రీటు ఉప్పుగాలికి తొందరగా దెబ్బతినదని, మత్స్యకారుల కొత్త ఇళ్లకు అదే వాడతామని అక్కడివాళ్లకు చెప్పాలి. పక్కన కూర్చున్న, ఆ ఊళ్లోనే చేపలమ్మే ఆవిడకు ముందుగా ఆ సంగతి చెప్పాను. ఆవిడ నా చేతిలోని నమూనా రాయి తీసుకుని, చేప మొప్పలు చూసినట్టు దాని చిల్లుల్లోకి చూసింది. తన గిన్నెలోని నీళ్లలో వేసింది. అది బుడగలు వదులుతూ మునిగింది.

"ఇక్కడే నీళ్లు తాగేస్తోంది. గోడలోకెళ్తే మానేస్తుందా?"

"ఆ చిల్లుల్లోకి సిమెంటు దూరి గట్టిగా పట్టేస్తుందండి," అన్నాను.

"ఐసు కొట్టి పాత చేపని తాజా అనేవాళ్లని రోజూ చూస్తాను. మీ ఇంటికి ఏం కంకర వేశారు బాబూ?"

"మామూలు నల్ల కంకరేనండి."

ఆవిడ రాయి తడి తుడిచి నా చేతిలో పెట్టింది.

"అయితే మాకూ అదే వెయ్యండి."