విప్పని రెండవ పొట్లం

శ్రీరస్తు. అడిగినవారికి పలుకునిచ్చి, అడగనివారిని ఓర్పుతో చూచే వాగ్దేవికి ముందుగా నమస్కరించి, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ విదియ, మంగళవారం నాడు, న్యూజెర్సీలోని పిస్కాటవేలో మా అమ్మాయి పద్మజ ఇంట, వంటగది కిటికీ పక్కనున్న చిన్న బల్ల మీద కూర్చుండి ఈ మాటలు వ్రాస్తున్నాను.

నవరాత్రుల పూజకని మా అల్లుడు మురళి నిన్న తెచ్చిన తెల్లని కార్నేషన్ పూల కట్టను ఇప్పుడే విప్పాను. కవరు చింపగానే శీతల పేటిక చలి, కోసిన కాడల పచ్చివాసన, కాడలు నిలిపిన నీటి వాసన ఒకటొకటిగా వచ్చాయి; పూవు వాసన మాత్రం రాలేదు. తెల్లని పూవును చేతిలోకి తీసుకున్నప్పుడెల్లా నా మనస్సు అరవై ఏళ్లు వెనుకకు పోయి నూజివీడులో మా తాతగారి పెరటిలో నిలిచేది. ఈ ఏటి జ్యేష్ఠం నుంచి అక్కడ నిలవలేక తిరిగి వస్తున్నది. అందుకు కారణం చెప్పాలంటే ఆ పెరటి నుంచే మొదలుపెట్టాలి.

ఆ పెరటిలో నూతికి ఎడమవైపు నందివర్ధనం, కుడివైపు ఎర్ర గన్నేరు ఉండేవి. వేసవి వచ్చిందంటే ఊరంతా మామిడి జీడివాసన. ముక్కలు తరిగే కత్తిపీటల చప్పుడు తెల్లవారుజామునే మొదలయ్యేది. తాటాకు చాపల మీద ఎండబెట్టిన మాగాయ ముక్కలకు నేను, మా మేనత్త కామేశ్వరి కావలి కూర్చునేవాళ్లం. కావలి పేరుకే, సగం ముక్కలు మా నోళ్లలోనే ఎండేవి. తాతగారు పొడుము డబ్బాను మూడు మార్లు తట్టి, అరుగు మీద గోడకు వీపు ఆనించి, ప్రాచీన నిఘంటువులోని శ్లోకాలను నా చేత వల్లె వేయించేవారు. దేవతల పేర్ల దగ్గర నేను ఆవులించేదాన్ని. చెట్ల పేర్లు, మూలికల పేర్లు వచ్చే వర్గం దగ్గర మాత్రం నాకు ఎక్కడ లేని ఉత్సాహం కలిగేది. శ్లోకంలో ఏ మొక్క పేరు వస్తే ఆ మొక్కను పెరటిలోనో, చెరకుతోట గట్టు మీదనో వెదికి పట్టి, ఆకు తుంచి, ఈనెలు లెక్కపెట్టి, పూవును గోటితో నిలువునా చీల్చి లోపల ఏమున్నదో చూచేదాన్ని. ఆ పసరు వాసన గోళ్లలో నుంచి అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు. నా ఉత్సాహం చూచి తాతగారు పొంగిపోయేవారు. "దీనికి వాక్కు ఉందర్రా," అని వచ్చినవారందరితో చెప్పేవారు.

అయిదవ తరగతి ముగిసిన ఏడు నన్ను ఏ బడిలో వేయాలన్న తగవు వచ్చింది. ఒకటి సంస్కృతాంధ్రాలు చెప్పే ఓరియంటల్ పాఠశాల. మా వీధి చివరనే ఉండేది. రెండవది ఊరికి ఆ చివరనున్న ఆడపిల్లల హైస్కూలు. ఆ రెండవదానిలో ప్రవేశ పరీక్ష వ్రాయడానికి వెళ్లిన నాడు, సైన్సు గదిలో ఒక పంతులమ్మగారు ఉల్లిపొరను సూక్ష్మదర్శిని అద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. ఇటుకలు పేర్చినట్లు గదులు, గదులలో గదులు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నాన్నగారు హైస్కూలు అన్నారు, తాతగారు పాఠశాల అన్నారు, ఇద్దరూ మూడు రోజులు ఎడమొగం పెడమొగంగా తిరిగారు. చివరకు పూలు అడుగుదామని నిశ్చయించారు.

ఏ సంగతీ తేలనప్పుడు పూలు అడగడం మా ఇంటి ఆచారం. రెండు రంగుల పూలను తెచ్చి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క నిర్ణయం అనుకొని, ఒకే తీరున రెండు కాగితపు పొట్లాలు కట్టి దేవుని ముందు వేస్తారు. లోపల ఏది ఎక్కడున్నదో ఎరుగని పిల్ల చేత ఒకటి తీయిస్తారు. అందులో ఏ రంగు వస్తే అదే దైవాజ్ఞ. రెండవ పొట్లాన్ని విప్పరాదు; విప్పితే దేవుని మాటను శంకించినట్లు. దానిని అట్లే నీటిలో కలపాలి. పాఠశాలకు తెల్లని నందివర్ధనం, హైస్కూలుకు ఎర్ర గన్నేరు అనుకున్నారు. పొట్లాలు తాతగారు కట్టారు. నేను కళ్లు మూసుకొని గన్నేరు రావాలని కోరుకొని తీశాను. తెల్లపూవు వచ్చింది. రెండవ పొట్లాన్ని తాతగారు తామే నూతిలో వేశారు.

నేను ఏడవలేదు. దేవుడు చెప్పిన తరువాత ఏడ్చేదేమున్నది? పాఠశాలలో చేరాను, భాషాప్రవీణ అయ్యాను, ముప్పై రెండేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. ఆ చదువును ప్రేమించలేదంటే కళ్లు పోతాయి. అయితే తాతగారు పోయిన ఎన్నో ఏళ్లకు, ఒక పెళ్లిలో అరటికాయలు తరుగుతూ మా మేనత్త నవ్వుతూ అన్నది: "ఆ రెండింటిలోనూ నందివర్ధనమేనే పిచ్చిదానా. పొట్లాలకు కాగితం చింపి ఇచ్చింది నేనే." తాతగారి మీద గౌరవం కొద్దీ ఆ మాటను నాలోనే పాతిపెట్టాను.

ఈ కథను నా మనుమరాలు మేధకు ఎన్నో మార్లు చెప్పాను, ఆ చివరి మాట తప్ప. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి దానికి నాలుగేళ్లు. దాని బాల్యం నాకు దక్కిన రెండవ బాల్యం. మంచు కురిసి బడికి సెలవిచ్చిన నాడు కిందిగదిలో హీటరు పక్కన పరుపు వేసుకొని, నెయ్యి వేసిన పప్పన్నం ముద్దలు తింటూ, నేను చెప్పే కథలు వింటూ, చేతిలోని పెన్సిలును ఆపేది కాదు. పురుగుల బొమ్మలు వేసేది. చెట్లను పాడుచేస్తాయి గనుక చుక్కల రెక్కల లాంటర్న్‌ఫ్లై పురుగు కనబడితే తొక్కి చంపండని బడిలో చెప్పినా, పిల్లలందరూ పందెం వేసుకొని తొక్కుతున్నా, మేధ మాత్రం వాటిని గాజుసీసాలో పెట్టి రెక్క కింద దాగిన ఎరుపును మూడు రంగులు కలిపి సాధించేది. ఫ్రిజ్ తలుపు నిండా, నా పంచాంగం అంచుల నిండా, ఆ బొమ్మలే. నేను చూచి మురిసి, "దీని చేతిలో కళ ఉందే," అని పద్మజతో అనేదాన్ని. ఆ మాట ఎవరి నోట విన్న మాటకు ప్రతిధ్వనియో నాకు అప్పుడు తోచలేదు.

ఎనిమిదవ తరగతి చలికాలంలో మేధ పరీక్షలు వ్రాసింది. ఈ దేశంలో తొమ్మిదవ తరగతికి, ఊరి హైస్కూలు కాక, జిల్లా మొత్తం మీద కొద్దిమందిని ఏరి చేర్చుకొనే ప్రభుత్వ పాఠశాలలు కొన్ని ఉన్నాయి, అకాడమీలంటారు. రెండింటిలో దానికి సీటు వచ్చింది: ఒకటి జీవశాస్త్రానిది, ఒకటి చిత్రకళది. మార్చి పన్నెండు, బుధవారం సాయంత్రంలోగా కంప్యూటరులో ఒకదానికి ఒప్పుకోవాలి. ఒప్పుకున్న క్షణాన రెండవ సీటు నిరీక్షణ జాబితాలోని మరొక పిల్లకు పోతుంది.

ఆ రెండు వారాలు ఇల్లు ఇల్లుగా లేదు. మురళికి జీవశాస్త్రం కావాలి. "అత్తయ్యగారూ, కాలేజ్ అప్లికేషన్స్‌లో దీనికి ఎంత వెయిట్ ఉంటుందో మీకు తెలీదండీ. ఈ సీటు కోసం పిల్లల్ని సిక్స్త్ గ్రేడ్ నుంచి కోచింగ్‌కి పంపుతున్నారు," అనేవాడు. పద్మజకు ఆ ఒత్తిడి అంటే భయం. "మా టీమ్‌లో సుధ వాళ్లబ్బాయి అక్కడే చదివాడు, నాలుగేళ్లు నిద్రపోలేదు. దానికి ఇష్టమైంది చదవనీ మురళీ," అనేది. ఇద్దరూ మేధను అడిగేవారు. మేధ పళ్లెంలోకి చూస్తూ, "ఐ డోంట్ నో. ఏదైనా ఓకే," అనేది. శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటలు పెరిగి మురళి చేయి కడుక్కోకుండా లేచిపోయినప్పుడు, ఆ పిల్లే నెమ్మదిగా అన్నది: "అమ్మమ్మా, ఫ్లవర్స్ అడుగుదామా? నీకు చేసినట్టు?"

మురళి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అలసిపోయిన వాడికి దేవుడు కూడా ఒక ఊరట. "సరే, అత్తయ్యగారు కడితే నాకు ఓకే. ఏది వస్తే అదే," అన్నాడు.

మరునాడు ఫాల్గుణ శుద్ధ ఏకాదశి, ఆదివారం. ఈ దేశంలో వేసవి వేళల కోసం గడియారాలను ఒక గంట ముందుకు తిప్పే రోజు గనుక ఇంటిల్లిపాదికీ నిద్ర చాలలేదు. చిత్రకళకు తెలుపు, జీవశాస్త్రానికి ఎరుపు అనుకున్నాం. నేను పూజగదిగా మార్చుకున్న చిన్న అరలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, రెండు కాగితాలు పరచాను. ఒకదానిలో తెల్లని కార్నేషన్ పెట్టాను. ఎర్ర పూవును చేతిలోకి తీసుకున్నాను. గన్నేరు కోసం కళ్లు మూసుకున్న పదేళ్ల పిల్ల నా ఎదుట నిలిచింది. మేధ మనస్సులో ఉన్నదేమిటో నాకు తెలుసునని, దానిని తండ్రికి చెప్పలేక అది దేవుని చాటుకు వచ్చిందని, తాతగారు నా నుంచి తీసుకున్నదానిని నేను ఈ పిల్లకు తిరిగి ఇస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఎర్ర పూవును చీర చెంగులో ముడిచి, రెండవ కాగితంలో కూడా తెల్లపూవునే పెట్టాను.

మేధ కళ్లు మూసుకొని తీసింది. విప్పింది. తెల్లపూవును చాలాసేపు చూచింది. "ఓకే," అన్నది. అంతే. నేను దానిని సంతోషం అనుకున్నాను. ఆ సాయంత్రమే మురళి మాట తప్పకుండా చిత్రకళకు ఒప్పుకుంటున్నట్లు మీట నొక్కాడు. రెండవ పొట్లాన్ని నీటిలో కలపాలంటే ఇంటి వెనుక వాగు ఒడ్డంతా మంచు. నడవలేక, దేవుని పటం వెనుక పెట్టి మరచిపోయాను. తాతగారికి నుయ్యి దగ్గరగా ఉండేది.

జూన్ నెలలో, బడులు ముగియడానికి వారం ముందు, ఒక మధ్యాహ్నం మేధ పూజగది ముందు మోకాళ్ల మీద కూర్చుండి నేల మీద దేనినో చూస్తున్నది. ఆవగింజంత పురుగు ఒకటి. ఎండిన పూలను తినడానికి వచ్చే జాతి అట; పేరు కూడా చెప్పింది, నా చెవికి ఎక్కలేదు. అది గోడ వెంట, అర వెంట, పటం వెనుకకు పోయింది. పిల్ల దాని వెంట పోయింది. పొట్లం బయటికి తీసింది. విప్పరాదని నేను చెప్పిన కథ దానికి గుర్తున్నదని ఆ తటపటాయింపును బట్టి తెలిసింది. కాగితానికి పురుగు తొలిచిన రంధ్రం ఉన్నది. ఆ రంధ్రంలో నుంచే లోపలిది కనబడింది.

"అమ్మమ్మా, ఇది కూడా వైటే."

నేను బియ్యం ఏరుతున్నాను.

"నువ్వే పెట్టావా?"

"నీకు అదే ఇష్టమనుకున్నానమ్మా. ఎప్పుడు చూసినా బొమ్మలే వేస్తుంటావు కదా."

"నేను బగ్స్ వేస్తాను అమ్మమ్మా," అన్నది మేధ. దాని గొంతులో కోపం లేదు. బడిలో తెలియని పిల్లకు లెక్క చెప్పే ఓపిక ఉన్నది. "ఫోటోలో లెగ్ జాయింట్స్ కనబడవు. డ్రా చేస్తేనే అవి ఎలా వర్క్ చేస్తాయో తెలుస్తుంది. నాకు రెడ్ కావాలి. ఐ ప్రేడ్ ఫర్ రెడ్."

"మరి ఎవరితోనూ చెప్పలేదేమమ్మా?"

"డాడ్ అడిగితే అమ్మ వింటుంది. అమ్మ అడిగితే డాడ్ వింటాడు. ఎవరికి ఎస్ చెప్పినా ఇంకొకరు శాడ్ అవుతారు." కాగితాన్ని ఎట్లా ఉన్నదో అట్లే మళ్లీ మడుస్తూ అన్నది: "నువ్వు అడిగితే చెప్పేదాన్ని. నువ్వొక్కదానివే అడగలేదు."

ఆ తరువాత అది పురుగును అగ్గిపెట్టెలోకి ఎక్కించుకొని పైకి వెళ్లిపోయింది. బియ్యంలో రాళ్లు నాకు కనబడలేదు. శ్లోకంలో మొక్కను వెదికిన పిల్లలో తాతగారు శ్లోకాన్నే చూచారు. బొమ్మలో పురుగును వెదికిన పిల్లలో నేను బొమ్మనే చూచాను. ఆయన మీద అన్నేళ్లు మోసిన అభియోగం ఆ నాడు నా పళ్లెంలోకి వచ్చి పడింది. దానికి నేను చెప్పుకోగల సమాధానమేదో, ఆయనకూ అదే ఉండి ఉంటుంది: ప్రేమ. ఆ మాట ఇంత చాలనిదని నాకు అంతవరకు తెలియదు.

ఆ సాయంత్రం దీపం పెట్టక ముందే పద్మజను, మురళిని కూర్చోబెట్టి చెప్పాను. పద్మజ, "అమ్మా, నువ్వా?" అన్నది. మురళి లేచి వెళ్లి, మర్నాడు తొమ్మిది గంటలు కాగానే జీవశాస్త్ర అకాడమీకి ఫోను చేశాడు. ఆ సీటు మార్చిలోనే మరొక పిల్లకు ఇచ్చామని, పై తరగతులలో కొత్తవారిని చేర్చుకొనే పద్ధతి లేదని వారు మర్యాదగానే చెప్పారు.

నూజివీడు పెరటిలో నుయ్యి పూడ్చి ఇల్లు కట్టారని, నందివర్ధనం లేదని విన్నాను. ఈ ఇంట ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు బొమ్మలు లేవు. అకాడమీ వారి బస్సు వేళల కాగితం ఒక్కటే ఉన్నది. నవరాత్రులకు తెల్లపూలు మాత్రమే తెమ్మని నేను చెప్పలేదు, మురళి తానే తెచ్చాడు. ఎందుకని నేనూ అడగలేదు. పంచాంగం అంచులు ఈ ఏడు తెల్లగానే ఉన్నాయి.

సెప్టెంబరు నాలుగవ తేదీ, గురువారం నుంచి మేధ ఉదయం ఆరు ఇరవై బస్సులో చిత్రకళా అకాడమీకి వెళ్తున్నది. మొదటి వారం గిన్నెలో పండ్లను చూచి వేయమన్నారట, వేసింది. రెండవ పొట్లం నా దగ్గరనే ఉన్నది.