బాబాయి ఊఁ కొట్టని చోటు

ఆ రోజుల్లో ఏ పని మొదలుపెట్టినా, ముందు అక్కడ ఏమేం ఉన్నాయో రాసుకునేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాడికి అంటుకునే జబ్బుల్లో అదొకటి. కాబట్టి ఆ జనవరి మధ్యాహ్నం, అరకులో మా పిన్నిగారింటి వెనక గదిలో ఉన్నవి చెబుతాను: గోడల పొడుగునా నా భుజం ఎత్తు దాకా పేర్చిన కాఫీ గింజల బస్తాలు, వాటి మధ్య ఒక స్టూలు, స్టూలు మీద మా పిన్ని, ఆవిడ ముందు, విరిగిన గొడుగు కర్రకి గుడ్డపీలికలతో కట్టిన మైకు, ఆ మైకుకి తొడిగిన మా బాబాయి ఊలు మేజోడు (ఊపిరి శబ్దం పడకుండా, ఉతికిందే), గుమ్మానికి అడ్డంగా రెండు దుప్పట్లు, దుప్పట్లకి ఇవతల హాల్లో కంప్యూటరు, దాని ముందు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నేను. అక్కడ లేనివి కూడా రాసుకున్నాను: కోళ్లు (పక్కింటి దొడ్లోకి తోలేశాం), గోడ గడియారం (బ్యాటరీ పీకేశాను), మా బాబాయి (ఎండుచేపలు తెమ్మని సంతకి పంపేశాం). లేనివాటిలో ఈ చివరిది ఉండకూడదని నాకు అప్పటికి తెలియదు.

ఇంతకీ ఏం చేస్తున్నామో చెప్పాలి. నేనప్పుడు అరకులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతూ పిన్నిగారింట్లో ఉండేవాణ్ణి. సెంటర్లో ఫోను తీగతో నడిచే ఇంటర్నెట్టు ఉండేది. పిల్లలు వెళ్లిపోయాక దాని ముందు కూర్చుని, ఒక్కో పేజీ పైనుంచి కిందకి బద్ధకంగా దిగుతూంటే చూడడం నాకు సినిమాతో సమానం. అలా ఒకనాడు ఒక వాలంటీర్ల బృందం కంటపడింది. రచయితలు పోయి, హక్కులు తీరిపోయిన పాత పుస్తకాల్ని ఎక్కడెక్కడివాళ్లో తమ ఇళ్లలో కూర్చుని పైకి చదివి, రికార్డు చేసి, ఎవరైనా ఉచితంగా వినడానికి పెడుతున్నారు. ఆ చలికాలానికి వాళ్లు దయ్యం కథల సంపుటం ఒకటి తయారుచేస్తున్నారు, భాషకొక కథ. పట్టికలో తెలుగు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి చూస్తే నాకు చెయ్యి ఆగదు. వెంటనే నా పేరు నింపేశాను. ఇంటికొచ్చి ఒక పేజీ చదివి రికార్డు చేసుకుని విన్నాను. మర్నాడు వెళ్లి నా పేరు కొట్టేసి పిన్ని పేరు రాశాను.

మా పిన్ని మిషన్ బడిలో టీచరు. ఎన్నో ఏళ్లుగా ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదివేది ఆవిడే. అది మామూలు చదవడం కాదు. ప్రవక్తకి కోపం వస్తే పిన్నికీ కోపం వచ్చేది; మిడతల దండు దిగితే ముందు వరసలో పిల్లలు తలలు దించుకునేవాళ్లు. ఆ ముందటి ఏడు కొత్తగా వచ్చిన పాస్టరుగారు (కుర్రాడు, చాలా మర్యాదస్తుడు) ఒకరోజు ఇంటికొచ్చి, టీ తాగి, టీచరమ్మగారు చదువుతూంటే చంటిపిల్లలు జడుసుకుంటున్నారనీ, ఇకనుంచి యువకులకి అవకాశం ఇద్దామనీ మెత్తగా చెప్పి వెళ్లాడు. పిన్ని "అలాగేనండి అయ్యగారూ" అంది. ఆ తర్వాత ఆవిడ గుడిలో పాటలు కూడా పెదాలు కదిపి ఊరుకునేది. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. అలాంటిది నేను వెళ్లి, నీ గొంతు విని జనం జడుసుకోవాలి, వాళ్లకి కావలసింది సరిగ్గా అదే అని చెప్పేసరికి చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆగింది.

"ఎంతమంది ఇంటారు?" అంది.

లెక్క లేదన్నాను. ఏ ఊరివాళ్లని అడిగింది. ఏ ఊరైనా సరేనన్నాను. ఆ సాయంత్రం ఆవిడ అల్లం రసంలో తేనె కలుపుకుని తాగుతూ కనిపించింది. జలుబేమీ లేదు.

కథ నూరేళ్లు దాటిన ఇంగ్లీషు కథ. ఒకాయన ఊరికి దూరంగా ఒక ఖాళీ ఇల్లు అద్దెకి తీసుకుంటాడు. తోడు లేక, తనలో తాను పైకి మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంటాడు. చలెక్కువైంది, దీపం తగ్గింది, ఇలాంటివి. చివరికి ఒకనాడు పక్క గదిలోంచి జవాబు వస్తుంది. అంతే. తెలుగు చేసింది నేను. "అతడు ద్వారమును సమీపించి గడియను పరిశీలించెను" అని నా మొదటి వాక్యం. పిన్ని కళ్లజోడు పైనుంచి చూసి, "ఇది కతేట్రా, కరెంటాఫీసోళ్ల నోటీసా?" అని పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తీసింది. ఆవిడ దిద్దడం అయ్యాక అందులో నావి మిగిలినవి పేజీ నంబర్లు.

ఇంత సిద్ధం చేసుకుని, ఆ మధ్యాహ్నం బస్తాల మధ్య కూర్చుని పిన్ని చదవడం మొదలుపెడితే, నా హెడ్‌ఫోన్లలో వినిపించినది మా పిన్ని కాదు. విద్యాశాఖ సర్క్యులరు. మిడతల్ని దింపిన మనిషి దయ్యాన్ని హాజరుపట్టీలో పేరు పిలిచినట్టు పిలుస్తోంది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అంతే. ప్రతి వాక్యం తర్వాతా ఎవరికోసమో చూస్తున్నట్టు ఆగుతోంది. నాకు కంగారు పుట్టింది, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే వ్యాపారి జీపు వస్తుంది. బస్తాలు వెళ్లిపోతే మా స్టూడియో వెళ్లిపోయినట్టే. (గోనె బస్తాలు శబ్దాన్ని తాగినట్టు ఇంకేదీ తాగదు. ఉత్త గదిలో రికార్డు చేస్తే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.) దుప్పటి తొలగించి ఏమైందని అడిగాను. పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఊఁ కొట్టే మనిషి నేకండా ఎలా సదవన్రా?" అంది. "గుడిలో అయితే పిల్లల మొహాలైనా ఉండేవి."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. రోజూ సాయంత్రం బాబాయి చేటలో కాఫీ గింజలు పోసుకుని నల్లవి ఏరుతూంటే పిన్ని ఏదో ఒకటి చదివి వినిపించేది. వారపత్రిక కథ కావచ్చు, మూడో తరగతి పిల్లల జవాబు పత్రాలు కావచ్చు. బాబాయి ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టేవాడు. కథకి ఊఁ కొట్టడం అందరికీ తెలిసిందే. మా బాబాయికి మాత్రం అది డ్యూటీ. ఆయన పుట్టిన కొండ ఊళ్లో చెప్పుకునే మాట ఒకటుంది. సంతనుంచి తిరిగొచ్చి, ఎండుచేపల సంచితో గుమ్మంలో నిలబడి, సంగతి విని, ఆ మాటే చెప్పాడు.

"ఊఁ కొట్టీవోడు నేకపోతే కత సెప్పకూడదురా. ఆ కత ఇంకెవులో ఇంటారు."

దయ్యం కథకి ముందు వినవలసిన మాట కాదు. అయినా నేను సాంకేతికంగా ఆలోచించాను. బాబాయిని ఎదురుగా కూర్చోబెట్టి, చప్పుడు చేయకుండా తల ఊపమన్నాను. పిన్నికి చాలలేదు. హాల్లోంచి నేనే ఊఁ కొట్టి చూశాను. "నీ ఊఁలో నమ్మకం నేదురా, పరీక్షలో పక్కోణ్ణి సూసి రాసినట్టుంది" అంది. చివరికి బస్తాలు కొన్ని జరిపి, గది మధ్యలో అడ్డుగోడ కట్టి, దాని వెనక చీకట్లో బాబాయిని కూర్చోబెట్టాను. ఆయన ఊఁ పిన్నికి వినబడుతుంది, మైకులో సన్నగా పడుతుంది. తర్వాత కంప్యూటర్లో ఒక్కొక్కటే కత్తిరించి పారేస్తాను. పథకం కాగితం మీద వేసి చూపించాను కూడా. బాబాయి దాన్ని తిరగేసి చూసి, "సేట తెచ్చుకోవచ్చా?" అని మాత్రం అడిగాడు. గింజల శబ్దం పడుతుందని వద్దన్నాను. ఖాళీ చేతులతో ఊఁ కొట్టడం ఆయనకి అదే మొదటిసారి అనుకుంటాను.

ఇక ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. పిన్ని మొదలుపెట్టింది. బస్తాల వెనకనుంచి "ఊఁ" వచ్చింది. పిన్ని గొంతు ఒక మెట్టు దిగింది. మళ్లీ "ఊఁ". ఖాళీ ఇల్లు వచ్చింది, దాని మెట్లు వచ్చాయి, దీపం వచ్చింది. నేను తెరమీద కదిలే గీతని చూడడం మానేశాను. మధ్యలో ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండి ఒకటి లోయ చివర్న కూత వేసింది. ఇలాంటప్పుడు ఆపాలని నా నియమం. ఆపలేదు. కథలో ఆయన తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. పిన్ని ఆ మాటల్ని ఎంత మామూలుగా అన్నదంటే, కూర మాడుతోందేమో చూడు అన్నట్టే ఉంది. అందుకే భయం వేసింది. చివరి పేజీకి వచ్చాం. ఆయన దీపం పట్టుకుని లేచి నిలబడి, గోడ వైపు చూసి, పైకి అంటాడు.

"ఈ ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు కదా."

పిన్ని ఆగింది. ఊఁ కోసం.

రాలేదు.

కథ మొదలైనప్పటినుంచీ ఒక్కసారి తప్పని ఊఁ రాలేదు. హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. ఆ గది ఊపిరి బిగబట్టినట్టుంది. పిన్ని ఇంకాస్త ఆగింది. తర్వాత, నేను అంతకు ముందెన్నడూ వినని, చిన్నపిల్లలాంటి గొంతు ఒకటి వినబడింది.

"ఏటండీ... ఇంటన్నారా?"

గూడ్సు బండి వెళ్లిపోయింది. ఎక్కడో కోడి కూసింది (పక్కింటి దొడ్లో ఉన్నా మా కోడే). అప్పుడు బస్తాల వెనకనుంచి, బొంగురుగా: "సదువు, సదువు. నానున్నాను."

పిన్ని మిగిలిన పేరా ఎలా చదివిందో నేను చెప్పలేను. రికార్డింగ్ ఆపి లోపలికి పరిగెత్తి, ఎందుకు ఊఁ కొట్టలేదని బాబాయిని అడిగాను. ఆయన నుదుటి చెమట తువ్వాలుతో తుడుచుకుంటూ నావైపు జాలిగా చూశాడు.

"ఎవులూ నేరు కదా అని ఆడు అడిగినాడు. గోడకి ఇవతల సీకట్లో కూకున్నది నాను. ఊఁ అంటే నానే ఆ దెయ్యాన్నయిపోతాను గదరా" అన్నాడు. గొంతు తగ్గించి, "పైగా, నాను ఊరుకుంటే ఇంకెవులైనా అంటారేమోనని సూసినాను" అన్నాడు.

పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి స్టూలు మీదనుంచి బస్తా మీదకి ఒరిగిపోయింది. గుడిలో చదవడం ఆగిపోయాక ఆవిడ అలా నవ్వగా చూడలేదు.

మర్నాడు జీపు వచ్చి స్టూడియోని పట్టుకుపోయింది. నేను కత్తిరింపులో పడ్డాను. ఒక్కో ఊఁ తెరమీద చిన్న ముడిలా కనబడేది. ముడి పట్టుకుని తుంచెయ్యడమే. ఆ ఖాళీ, "ఏటండీ", "నానున్నాను", అన్నీ తీసేశాను. అద్దంలా శుభ్రమైన ఫైలు తయారైంది. విన్నాను. స్టేషన్లో బండి ఆలస్యం గురించి చెప్పినట్టుంది. అయినా నియమాల్లో ఇతర శబ్దాలు ఉండరాదని ఉంది కాబట్టి, శుభ్రమైనదీ, కత్తిరించనిదీ రెండూ పెన్‌డ్రైవులో వేసుకుని, అంత ఫైలు మా ఫోను తీగ మొయ్యదని పాసింజరు బండిలో విశాఖ వెళ్లి (ప్రతి సొరంగంలోనూ జేబు తడుముకుంటూ) అక్కడి నెట్ సెంటర్లో కూర్చున్నాను. పంపవలసింది ఒక్కటే. శుభ్రమైనదాని మీద బాణం పెట్టాను. "ఎంతమంది ఇంటారు?" అని అడిగిన మొహం గుర్తొచ్చింది. లెక్క లేనంతమందికి రైల్వే అనౌన్స్‌మెంటు వినిపించడమా? రెండోదే పంపి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని కంప్యూటరు కట్టేసి బయటపడ్డాను.

బృందంలో ఎవరు చదివినా ఇంకొకరు విని సరేననాలి. తెలుగుకి వినేవారు ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన. వారం తర్వాత జవాబు వచ్చింది. నియమం ప్రకారం ఒక్కరు చదివినదానిలో రెండో గొంతు ఉండకూడదని మొదటి వాక్యం. పట్టపగలు విన్నాననీ, అయినా ఆ ఊఁ రాని చోట లేచి వెళ్లి పక్క గది చూసొచ్చాననీ రెండోది. దీన్ని నాటకంగా నమోదు చేస్తే రెండో గొంతు ఉండొచ్చు, ఆయన పాత్ర ఏమని రాయమంటారు అని మూడోది. "వినేవాడు" అని రాయించాను. పేరు తెరమీద చూపిస్తే బాబాయి చాలాసేపు చూసి, చొక్కా మార్చుకున్నాడు.

సెల్‌ఫోన్లలో మెమరీ కార్డులు కొత్తగా వస్తున్న రోజులవి. నా దగ్గర కంప్యూటరు నేర్చుకునే పిల్లలు దాన్ని ఎక్కించుకున్నారు, వాళ్లనుంచి జీపు డ్రైవర్లు. ఘాట్ రోడ్డు మీద జీపుల్లో మా పిన్ని మోగింది. అలా ఒక జీపులో, మేకల మధ్య ఇరుక్కుని, పాస్టరుగారు విన్నారు. తిన్నగా ఇంటికొచ్చారు. ఈసారి టీ చల్లారిపోయింది. ఆ చోట, బాబాయి ఊఁ అనని చోట, తాను పైకే ప్రార్థన చేసుకున్నాననీ, మేకల యజమాని ఆమెన్ అన్నాడనీ చెప్పారు. గుడ్‌ఫ్రైడే వాక్యం మీరే చదవాలమ్మా అన్నారు.

"పిల్లలు జడుసుకుంటారేమో అయ్యగారూ" అంది పిన్ని, టీ గిన్నె వైపు చూస్తూ.

"ఆ ఒక్కరోజూ కాస్త జడుసుకోవాలి కదమ్మా" అన్నారాయన.

పిన్ని ఒక్క షరతు పెట్టింది. ఆ గుడ్‌ఫ్రైడే నాడు, ఎప్పుడూ చెప్పుల దగ్గర గుమ్మం పక్కన కూర్చునే మా బాబాయి ఇస్త్రీ చొక్కాలో మొదటి వరసలో కూర్చున్నాడు. పిన్ని చదవడం మొదలుపెట్టి, మొదటి వాక్యం దగ్గర ఆగింది. "ఊఁ" అన్నాడు బాబాయి. గుడంతా తిరిగి చూసింది. రెండో ఊఁకి ఎవరో నవ్వారు. మూడోదానికి వెనక వరస ముసలాళ్లు కూడా కలిశారు. మిట్టమధ్యాహ్నపు చీకటి వాక్యంలో దిగేసరికి మగవాళ్ల వైపంతా ఊఁ కొడుతోంది, ఆడవాళ్ల వైపు ఏడుస్తోంది, చంటిపిల్లలు తల్లుల చెంగుల్లోంచి ఒక కన్ను బయటపెట్టి చూస్తున్నారు. ఒక్కడూ లేచి బయటికి పోలేదు.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగమూ శబ్దాల్ని శుభ్రం చేసేదే. మంచి గదులున్నాయి, మంచి మైకులున్నాయి, మేజోళ్ల అవసరం లేదు. అప్పుడప్పుడూ ఆ పాత ఫైలు తెరిచి, ఊఁలన్నీ కత్తిరించాలని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటాను. పనిమంతుడే, పాపం. కత్తిరించేటప్పుడు ప్రతిదానికీ వరస నంబరు వేసుకున్నాడు కాబట్టి ఆ లెక్క ఇంకా నా దగ్గరుంది. ఊఁలు: రెండు వందల పదహారు. రానివి: ఒకటి.